పాత మోటారు సైకిళ్ళలో పెట్రోల్ కాక్ కారడం – కారణాలు, నివారణ

(దౌల్తాబాద్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బొటనవేలంత ఉండే ఒక యంత్ర భాగం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. అది మోటారు సైకిల్ ట్యాంకు కింద ఉండే పెట్రోల్ కాక్. కొందరు ట్యాప్ అంటారు, కొందరు నాబ్ అంటారు. ఏ పేరుతో పిలిచినా అది చేసే పని ఒకటే: తెరిస్తే పెట్రోల్ వదలాలి, మూస్తే ఆపాలి. నేను బస్సు డిపో వర్క్‌షాపులో మెకానిక్‌గా పనిచేసి రిటైరయిన వాణ్ణి కనుక, ఈ పని నా నెత్తిన పడింది.

మనలో చాలామంది ఇళ్ళలో ఒక పాత బండి ఉంది. మన ప్రాంతంలో బస్సు రోజుకు రెండుసార్లు వచ్చే ఊళ్ళకు డ్యూటీకి పోవాలంటే సొంత బండి తప్ప గతి లేని రోజులవి. టీచర్లు, లైన్‌మెన్లు, గ్రామాభివృద్ధి అధికారులు, పశువైద్య సిబ్బంది, అందరూ అప్పు చేసో, ఆఫీసు అడ్వాన్సు తీసుకునో బండి కొన్నవాళ్ళే. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్లు, మైసూరులో 1996 వరకు తయారైన జావాలు, యెజ్దీలు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్‌లు, 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటర్లు మన ఊళ్ళ మట్టి దారుల మీద తిరిగాయి. 2016లో మనం వికారాబాద్ జిల్లాలో కలిశాం గాని, ఆ బళ్ళ నెంబరు ప్లేట్ల మీద ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా ఏపీ 22 నెంబర్లే ఉన్నాయి. బండి అమ్మబుద్ధి కాదు. రోజూ నడిపే ఓపికా లేదు. వరండాలో కవరు కప్పి నిలబెడతాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

రోజూ నడిచే బండి కాక్ కంటే, నిలిచిపోయిన బండి కాక్ త్వరగా చెడుతుంది. ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. ఎందుకో చెబుతాను.

కాక్ లోపల ఏముంది?

పూర్వపు బుల్లెట్లలో లాగి తెరిచే, నొక్కి మూసే కాక్ ఉండేది. దాని కడ్డీకి బెండు తొడుగు, అంటే కార్క్ ఉంటుంది. ఆ బెండు గొట్టం లోపల బిగుతుగా కూర్చుని పెట్రోల్‌ను ఆపుతుంది. తరువాత వచ్చిన బళ్ళలో తిప్పే కాక్ వచ్చింది. లీవరు వెనుక ఒక లోహపు బిళ్ళ, దానికి ఎదురుగా నాలుగు రంధ్రాల రబ్బరు వాషరు, లీవరు మీద వంపులు తిరిగిన ఒక స్ప్రింగు పళ్ళెం, వీటన్నిటినీ పట్టి ఉంచే చిన్న రేకు, రెండు స్క్రూలు, ఇంతే దాని సంసారం. లోహపు బిళ్ళ మీద ఒక గాడి ఉంటుంది. లీవరు ఆన్‌లో ఉంటే ఆ గాడి పొడుగాటి గొట్టం నుంచి వచ్చే పెట్రోల్‌ను కార్బురేటరు వైపు కలుపుతుంది. రిజర్వులో పెడితే ట్యాంకు అడుగు నుంచి వచ్చే దారిని కలుపుతుంది. ఆఫ్‌లో పెడితే రెండు దారులనూ మూస్తుంది.

బెండుకు తడి ఉండాలి. పెట్రోల్‌లో నానుతున్నంతకాలం ఉబ్బి గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. ట్యాంకు ఎండితే ఎండి ముడుచుకుపోతుంది. రబ్బరుకూ ఇంచుమించు ఇదే గతి. పెట్రోల్‌లో కొంత ఉబ్బుతుంది, ఆరినప్పుడు గట్టిపడుతుంది, మన వేసవి ఎండలకు పగుళ్ళిస్తుంది. ఆరు నెలలు ఖాళీగా ఉన్న బండిలో, మనవడు సెలవులకు వచ్చాడని రెండు లీటర్లు పోయించామనుకోండి. కాక్ ఆఫ్‌లోనే ఉంటుంది, పెట్రోల్ మాత్రం దిగిపోతూనే ఉంటుంది.

అందుకే నేను కొత్తవాళ్ళకు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. కాక్ బందు చేయడం వేరు, కాక్ బందవడం వేరు. మొదటిది మన చేతి పని, రెండోది వాషరు పని.

కంటికి కనిపించే కారుడు, కనిపించని కారుడు

కారుడు రెండు రకాలు. ట్యాంకుకూ కాక్‌కూ మధ్య అతుకు దగ్గర, లీవరు చుట్టూ, కింద చెత్త పట్టే గిన్నె ఉంటే దాని వాషరు దగ్గర, రబ్బరు పైపు చివర కారేది బయటికి కారుడు. షాబాద్ బండ మీద నల్లటి మచ్చ పడుతుంది, వాసన వస్తుంది, కంటపడుతుంది. ఎక్కడి నుంచి కారుతోందో తెలియకపోతే అంతా పొడిగుడ్డతో తుడిచి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. పావుగంటలో ఏ చోట పౌడరు తడిసిందో అదే దొంగ.

రెండోది లోపలి కారుడు. మూసి ఉన్న కాక్ గుండానే పెట్రోల్ జారి కార్బురేటరులోకి పోతుంది. కార్బురేటరులో ఫ్లోటు, దాని సూది బాగుంటే అక్కడ ఆగుతుంది. సూది అరిగినా, దానికింద ఇసుక రేణువు పడినా ఆగదు. అప్పుడు బయటికి పొంగి నేల మీద పడుతుంది, లేదా ఇంజనులోకి దిగుతుంది. బుల్లెట్‌లో సిలిండరు గోడల వెంట జారి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, కొలకడ్డీ వాసన చూస్తే పెట్రోల్ వాసన వస్తుంది. అలాంటి బండిని స్టార్టు చేయవద్దు. ముందు ఆయిల్ మార్చాలి. యెజ్దీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బళ్ళలో పెట్రోల్ క్రాంక్ కేసులో చేరుతుంది. కిక్ కొట్టినా కదలదు, కదిలితే ఇల్లంతా పొగ.

చుక్కే కదా అనుకుంటాం. ఆఫీసు లెక్క వేసి చూద్దాం. నిమిషానికి పది చుక్కలు. రాత్రి పది గంటలకు ఆరు వేల చుక్కలు. నీళ్ళయితే సుమారు ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు, అంటే 300 మిల్లీలీటర్లు. పెట్రోల్ చుక్క చిన్నది కనుక అందులో సగం అనుకున్నా 150 మిల్లీలీటర్లు. తెల్లారేసరికి అందులో చాలాభాగం నేల మీద కనిపించదు, ఆవిరై ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు. నేల మీద పొరలా పాకి, గడప దాటి, వంటింట్లోకో పూజగదిలోకో పోతుంది. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన ఉండే చలిలో కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, గ్యాస్ పొయ్యి, స్విచ్చి వేసినప్పుడు వచ్చే చిన్న మెరుపు, ఏదైనా చాలు.

ఒక ఇంట్లో చూసింది

మన సహోద్యోగి ఒకరు పోయిన కొన్ని నెలలకు వారి ఇంటికి వెళ్ళాను. పేరు చెప్పను. ఆయన రాజ్‌దూత్‌ను ఎంత ప్రేమగా చూసుకునేవారో ఆయనతో పనిచేసిన వాళ్ళకు తెలుసు. వానకు తడవకూడదని ఇంట్లోవాళ్ళు ఆ బండిని ముందు గదిలోకి తెచ్చి పెట్టారు. పక్క గోడకు ఆయన ఫోటో, ఫోటో ముందు దీపం. గదిలోకి అడుగు పెట్టగానే వాసన వచ్చింది. నేను మాట మాట్లాడకుండా ముందు దీపం కొండెక్కించి, తలుపులు తెరిచి, బండిని వాకిట్లోకి తోసుకువచ్చాను. వదినె కొంచెం నొచ్చుకున్నారు. కారణం చెప్పిన తరువాత ఆమె కూర్చుండిపోయారు.

కాక్ ఆఫ్‌లోనే ఉంది. పైపు ఊడదీసి సీసాలో పెట్టి చూస్తే చుక్క తరువాత చుక్క దిగుతోంది. ట్యాంకులో ఆయన చివరిసారి పోయించిన పెట్రోల్ ఇంకా ఉంది. వాషరు తీసి చూస్తే గోరు గుచ్చినా దిగడం లేదు, గాజు పెంకులా ఉంది. మార్చాను. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. పని అయ్యాక వదినె ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, ఇది ఎటు తిప్పితే బందైతది? ఆయనెప్పుడు చెప్పలే, నేనెప్పుడు అడగలే." ఆ రోజు లీవరు ఆఫ్ గుర్తు దగ్గర గోళ్ళ రంగుతో ఎర్రటి చుక్క పెట్టి వచ్చాను.

మిత్రులారా, బ్యాంకు పాసుబుక్కు ఎక్కడుందో, పెన్షన్ పేపరు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు చెబుతున్నాం. బండి కాక్ ఎటు తిప్పితే మూతపడుతుందో కూడా చెప్పండి.

పెట్రోల్ మారింది, వాషరు మారాలి

"ముప్పై ఏళ్ళు ఏ బాధా లేని వాషరు ఇప్పుడెందుకు ఏడాదికే పోతోంది?" అని చాలామంది అడుగుతున్నారు. బండి వయసు ఒక కారణం. పెట్రోల్ మారడం ఇంకో కారణం. 2003లో మన అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో పెట్రోల్‌లో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2022 నాటికి దేశం మొత్తం మీద సగటున 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోల్ అమ్మకం ప్రారంభమై, 2025లో ఆ 20 శాతం లక్ష్యాన్ని చేరుకున్నారు. ఇథనాల్ అంటే చెరకు మడ్డి, ధాన్యం, మొక్కజొన్నల నుంచి తీసే ఆల్కహాలు. దేశానికి విదేశీ మారకం మిగులుతుంది, రైతుకు గిరాకీ పెరుగుతుంది. దాని మీద నాకు పేచీ లేదు. కాని మన బళ్ళు తయారైన రోజుల్లో వాషర్లు చేసినవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇథనాల్ మూడు పనులు చేస్తుంది. ఒకటి, మామూలు రబ్బరును ఎక్కువగా ఉబ్బిస్తుంది. రంధ్రాలు పూడుకుపోతాయి, లీవరు బిగుసుకుంటుంది, ట్యాంకు ఎండినప్పుడు అదే రబ్బరు పగులుతుంది. రెండు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలం సగం ట్యాంకుతో నిలబెట్టిన బండిలో అడుగున నీరు చేరి ట్యాంకు తుప్పుపడుతుంది. ఆ తుప్పు రేణువులు కాక్ బిళ్ళను గీస్తాయి. మూడు, పాతకాలపు మేస్త్రీలు అతుకులకు పూసే లక్కను కరిగిస్తుంది. లక్క పెట్రోల్‌లో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అందుకే పూర్వం పక్కాగా నిలిచిన అతుకులు ఇప్పుడు చెమ్మగిల్లుతున్నాయి.

పరిష్కారం ఉంది. వైటాన్ అనే రకం రబ్బరుతో చేసిన వాషర్లు, రింగులు ఇథనాల్‌ను తట్టుకుంటాయి. ధర మామూలు వాషరు కంటే ఎక్కువే గాని, మాటిమాటికీ మార్చే బాధ తప్పుతుంది. మన దగ్గర దొరక్కపోతే హైదరాబాదు రాణీగంజ్‌లో సీళ్ళు అమ్మే దుకాణాల్లో పాత వాషరు చూపించి అడగండి. పేరు చెప్పి ఏదో నల్లటి బిళ్ళ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది కనుక రెండు కొనండి. ఒకదాన్ని మూత గట్టిగా ఉన్న చిన్న గాజు సీసాలో కొంచెం పెట్రోల్ పోసి, వాకిట్లో నీడ పట్టున రెండు రోజులు నానబెట్టండి. తరువాత నానని దాని మీద పెట్టి చూడండి. పెద్దదైతే అది పనికిరాదు.

మరమ్మతు చేసే పద్ధతి

ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఉదయం పూట, ఆరుబయట చేయండి. బ్యాటరీ వైరు తీసేయండి. దగ్గర బీడీ, సిగరెట్ కూడదు. బక్కెట్టు ఇసుక, తడి గోనెసంచి పక్కన ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్ళు పోయకూడదు, మంట నీటి మీద తేలి పాకుతుంది.

ముందు పరీక్ష. కాక్ ఆఫ్ చేసి, కార్బురేటరు దగ్గర పైపు తీసి సీసాలో పెట్టండి. పావుగంట చూడండి. ఒక్క చుక్క కూడా దిగకూడదు. తరువాత ఆన్‌లో, రిజర్వులో ధార చూడండి. ధార సన్నగా వస్తే కాక్‌ను నిందించే ముందు ట్యాంకు మూత తెరిచి చూడండి. ధార పెరిగితే తప్పు మూతకుండే గాలి రంధ్రానిది.

తరువాత పెట్రోల్ మొత్తం మూత ఉన్న ఇనుప డబ్బాలోకి దించండి. కాక్ విప్పేటప్పుడు ఏ వాషరు ఏ వరుసలో ఉందో వరుసగా కాగితం మీద పేర్చండి. జాలీని మెత్తటి బ్రష్షుతో కడగండి. లోహపు బిళ్ళ మీద గీతలుంటే, గాజు పలక మీద 600 నెంబరు, తరువాత 1000 నెంబరు నీటి కాగితం పెట్టి, కొంచెం నూనె వేసి, ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రుద్దండి. అద్దంలా ముఖం సమంగా రావాలి. ఎన్ని కొత్త వాషర్లు వేసినా గీతలున్న బిళ్ళ మీద నిలవవు.

కొత్త వాషరు మందం పాత దానంతే ఉండాలి. మందం ఎక్కువైతే లీవరు తిప్పినప్పుడు రబ్బరు మెలితిరిగి రంధ్రాలను కప్పేస్తుంది. తక్కువైతే కారుతుంది. స్ప్రింగు పళ్ళెం చదునైపోయి ఉంటే దాని వంపులను కొంచెం సరిచేయండి, లేదా మార్చండి. స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెం బిగించాలి. కాక్ శరీరం పోత లోహం, బలం చూపిస్తే వంగుతుంది, మర చెడుతుంది.

బెండు కాక్ ఉన్నవారు కొత్త బెండును కొన్ని నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచితే మెత్తబడి ఉబ్బుతుంది, అప్పుడు తొడగాలి. అయితే బండిని వారానికోసారైనా నడిపేవారికే బెండు. నిలబెట్టి ఉంచేవారు బెండు స్థానంలో సరిపోయే వైటాన్ రింగు వేయించుకోవడమే మేలు. చేతక్ యజమానులకు ఒక మాట. ఆ కాక్ మార్చాలంటే ట్యాంకు దించాలి, ట్యాంకు లోపలి నట్టు పట్టే పొడుగాటి పానా కావాలి. అది అలవాటున్న మెకానిక్‌కు అప్పగించండి.

అన్నీ బిగించాక ఒక లీటరు పెట్రోల్ పోసి, ఆరుబయటే, కింద తెల్ల కాగితం పరిచి, దాని మీద రాయి పెట్టి, పైపు చివర సీసాలో ఉంచి కొన్ని గంటలు వదలండి. కాగితం మీద మచ్చ, సీసాలో చుక్క రెండూ లేకపోతేనే పని పూర్తయినట్టు.

చేయకూడనివి

కారే చోట సబ్బు రుద్దడం మనందరికీ తెలిసిన చిట్కా. దారి మధ్యలో ఇల్లు చేరడానికి పనికొస్తుంది, ఇంట్లో పెట్టుకోవడానికి కాదు. వాషరుకు మామూలు గ్రీజు రాయకండి, పెట్రోల్ దాన్ని కరిగించి కార్బురేటరు జెట్టులో పెడుతుంది. మరలకు తెల్ల టేపు చుట్టకండి, దాని పీలికలు కూడా అక్కడికే చేరతాయి. కారుతోంది కదా అని లీవరు స్క్రూలను బలంగా బిగించకండి. గట్టిపడిన రబ్బరు బిగిస్తే పగులుతుంది గాని మెత్తబడదు.

బండి దింపగానే ఇంజను నడుస్తుండగానే కాక్ ఆఫ్ చేయండి. కార్బురేటరులో మిగిలిన పెట్రోల్ ఖర్చయి ఇంజను దానంతట అదే ఆగుతుంది. నెలకు మించి నడపని బండి అయితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపల కొంచెం ఆయిల్ తిప్పి, తుప్పు రాకుండా ఉంచండి. ఇంట్లో నిద్రపోయే గదిలో, పొయ్యి ఉన్న చోట, దీపం పెట్టే చోట పెట్రోల్ ఉన్న బండిని ఉంచకండి.

పిల్లలు "ఆ పాత ఇనుము అమ్మెయ్యరాదూ" అంటారు. వాళ్ళను తప్పు పట్టను. వాళ్ళకు కనిపించేది మచ్చ పడిన బండ, పెట్రోల్ వాసన. కారని బండిని ఎవరూ పాత ఇనుము అనరు. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బళ్ళకు వింటేజ్ వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చేందుకు కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. మన వరండాల్లో ఉన్న కొన్ని బళ్ళకు ఆ వయసు వచ్చింది, మిగతావాటికి వస్తోంది. వాటిని ఉంచుకుందాం. ఉంచుకునేవాళ్ళు వాటి వల్ల ఇంటికి ముప్పు లేకుండా చూసుకుందాం.

చివరగా ఒక ప్రతిపాదన. మన సంఘం సభ్యుల ఇళ్ళలో ఉన్న పాత బళ్ళ జాబితా ఒకటి రాసుకుందాం. ముఖ్యంగా పోయిన మన మిత్రుల ఇళ్ళలో ఉన్నవి. నెలకు రెండు మూడు ఇళ్ళ చొప్పున వెళ్ళి సీసా పరీక్ష చేసి వద్దాం. పానాలు నావి, వాషరు ఇంటివారిది. కూలి ఒక కప్పు చాయ్. కార్యవర్గం ఒప్పుకుంటే వచ్చే నెల నుంచే మొదలుపెట్టడానికి నేను సిద్ధం.